లీసియా మొహం

"అమ్మ దగ్గరికి ఆ మొహంతోనే వస్తావా?" అన్నాడు భర్త ఒరెస్ట్.

కజ్జికాయల్లాంటి పెరోగీల్లో పెట్టడానికి ఉడికించిన బంగాళాదుంపలు మెదుపుతోంది లీసియా. అతను ఫ్రిజ్‌లోంచి బీరు తీసుకుని, మాట అక్కడే వదిలేసి, హాకీ ఆట చూడ్డానికి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది. ఎల్లుండి జనవరి ఆరు, ఉక్రెయిన్ వాళ్ళ పాత క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్ ముందురోజు, అత్తగారింట్లో విందు. ఆనవాయితీగా పెట్టే పన్నెండు రకాల వంటల్లో సగం లీసియా చేతివే. మెప్పంతా అత్తగారిది. అందుకు లీసియా ఏనాడూ నొచ్చుకోలేదు. నొప్పంతా మొహం దగ్గరే వచ్చింది.

పుట్టుకతోనే పలుచటి చర్మం ఆమెది. చలిగాలికి కందుతుంది, వేడి సూపుకి కందుతుంది, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడినా కందుతుంది. పోయినేడు విందులో మరిది అందరిముందూ "ఏం వదినా, బీట్‌రూట్ సూపు గిన్నెలో మొహం పెట్టావా?" అంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు, ఒరెస్ట్‌తో సహా. ఫోటో తీసేటప్పుడు అత్తగారు ఎంతో ప్రేమగా ఆమె భుజం పట్టుకుని, వెనక వరసలో చివర నిలబెట్టింది. అక్కడైతే వెలుతురు పడదట. ఆ ఫోటో ఇప్పుడు అత్తగారి హాల్లో ఉంది. అందులో లీసియా చెవి, సగం జుట్టు కనిపిస్తాయి.

ఆమె చేసేది మళ్ళీ మొహాల పనే. కెనడాలోని ఈ విన్నిపెగ్ ఊళ్ళో చలికాలం ముదిరి ఎండ పదును చచ్చాక, ఆమె యజమానురాలు జనెల్ నడిపే స్కిన్ క్లినిక్‌లో కెమికల్ పీల్స్ జోరు మొదలవుతుంది. మొహానికి పలుచగా ఆమ్లం రాసి, పైన పేరుకున్న మృతచర్మాన్ని వదిలించే పని. సున్నితమైన చర్మమైతే మరీ తేలికైనది వాడాలి, ముందు చెవి వెనక చుక్క రాసి చూడాలి. ఈ జాగ్రత్తలన్నీ వచ్చేపోయే వాళ్ళకి. కొత్త సీసా ఏది వచ్చినా జనెల్ తిన్నగా లీసియా మొహం మీదే ప్రయోగిస్తుంది. "మా లీసియాకి పడిందంటే ఇంకెవరికైనా పడుతుంది" అని వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్తుంది. పైగా డబ్బిచ్చి చేయించుకునేది నీకు ఊరికే వస్తోంది కదా అంటుంది. ఒరెస్ట్‌దీ అదే మాట. ఊరికే వచ్చినదానికి ఏడుపు దేనికట. పోయిన నెల రాసినదానికి వచ్చిన ఎరుపే ఇంకా తగ్గలేదు. తనకి కాక ఇంకొకరికైతే ఈ స్థితిలో చర్మాన్ని ముట్టుకోనే ముట్టుకోదు లీసియా.

మరి ఇన్నేళ్ళూ వద్దని ఎందుకు అనలేదు? ఉద్యోగం పోతుందనే భయమని తనకి తను చెప్పుకుంటూ వచ్చింది. అది అబద్ధం. ఆ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటే, జనెల్ వేళ్ళు నుదురు మీంచి చెంపల మీదికి, చెంపల మీంచి గడ్డం కిందికి మెల్లగా దిగుతాయి. రోజంతా ఊళ్ళోవాళ్ళ మొహాలు నిమిరే మనిషికి, తన మొహం ఎవరైనా నిమిరేది అప్పుడే. ఒరెస్ట్ చెయ్యి పక్కమీద ఎక్కడెక్కడికో వస్తుంది, మొహం దాకా రాదు. ఆ కొద్దిసేపటి కోసం ఆమె మంట ఓర్చుకుంది. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? విన్నవాళ్ళు నవ్విపోతారు.

మర్నాడు కొత్త సీసా వచ్చింది. అతి సున్నితమైన చర్మానికేనట. పక్క కుర్చీలో మిసెస్ ఫ్రీసెన్ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన ఆవిడ. భర్త పోయాక, మనవరాలి పెళ్ళికి కాస్త బాగా కనబడాలని వచ్చింది. చర్మం ఉల్లిపొరలా ఉంది. జనెల్ లీసియా మొహానికి మందు రాస్తుంటే ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకి వంగి చూస్తోంది.

"ఎలా ఉంది, లీసియా?" అంది జనెల్.

ఈ ప్రశ్నకి ఆ గదిలో ఆడవాళ్ళందరూ ఒకే జవాబు చెప్తారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, కాలివేళ్ళు ముడుచుకుపోతున్నా, కాస్త చురుక్కుమంటోంది అంతే అంటారు. ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదని. లీసియా కూడా అదే అనబోయింది.

"నువ్వు బాగుందను తల్లీ, నేనూ రాయించుకుంటా. నీ మాట మీదే వచ్చాను" అంది మిసెస్ ఫ్రీసెన్.

లీసియా కళ్ళు తెరిచింది. "మండుతోంది. తుడిచెయ్."

"ఇంకొంచెం ఓర్చుకో" అంది జనెల్. ఆమె వేళ్ళు ఇంకా చెంప మీదే ఉన్నాయి, మెత్తగా.

లీసియా ఆ వేళ్ళని పక్కకి తీసి, లేచి, సింకు దగ్గరికి వెళ్ళి చన్నీళ్ళతో కడుక్కుంది. తడి మొహంతోనే వెనక్కి తిరిగి, "మీకిది వద్దు మిసెస్ ఫ్రీసెన్. మనవరాలికి మీరు ఇలాగే కావాలి" అంది. ఆవిడ ఊపిరి పీల్చుకుని కోటు అందుకుంది. ఆవిడ వెళ్ళాక జనెల్ తలుపు వేసి, మరి ఇక ఎవరి మీద చూడమంటావని గట్టిగా అడిగింది.

"నీ మీద చూసుకో. నీదీ మొహమేగా" అంది లీసియా.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ పూట తేలలేదు. మంచు మధ్య కారు నడుపుకుంటూ వస్తుంటే లీసియాకి దుఃఖం వచ్చింది. ఉద్యోగం గురించి కాదు. ఇక ఆ వేళ్ళు కూడా లేవు. చేసిన పని సరైనదే. అయినా వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నీళ్ళు తగిలి చెంపలు ఇంకా మండాయి.

ఆమె వంటగదిలోకి వచ్చేసరికి ఒరెస్ట్ అక్కడే ఉన్నాడు. ఎరుపు చూసి నిట్టూర్చాడు. ఏదైనా పూసుకో, అమ్మ మళ్ళీ మొదలెడుతుంది అన్నాడు. ఏమీ పూసుకోను, విందుకి ఇలాగే వస్తాను, ఫోటోలో ముందు వరసలోనే నిలబడతాను అంది. గొంతులో తేడా వినిపించిందేమో, దగ్గరికొచ్చి, ఎన్నేళ్ళకో, వేళ్ళతో ఆమె చెంప తాకి చటుక్కున తీశాడు.

"అబ్బ, ఇంత వేడా? ఎప్పట్నించి ఇలా?"

"తాకి చూసుంటే తెలిసేది."

అతను జాలిగా మళ్ళీ చెయ్యి చాచాడు. ఈ ఒక్కదాని కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది. లీసియా ఒక అడుగు వెనక్కి వేసింది.

"అడుగు" అంది.

"ఏం అడగాలి?"

"తాకొచ్చా అని."

ఇదేం చోద్యమన్నట్టు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు ఒరెస్ట్. చెయ్యి గాల్లోనే ఉంది. ఆమె వద్దని కూడా అనొచ్చని అతనికి అప్పుడే తోచినట్టుంది.