డన్నిగన్ పెళ్ళాం

"ఈసారి నిన్ను చంపేస్తున్నాం," అన్నాడు వెండెల్.

నేనప్పుడు అతని గుడ్డు పెంకు ఒలుస్తున్నాను. అతనికి వేళ్ళు వణుకుతున్నాయని ఆ పని కూడా నాకే వచ్చి పడింది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు కాబట్టి తగ్గించి, దానికి తిట్లు తినడానికి సిద్ధపడి ఉన్నాను. చావు కబురు వింటాననుకోలేదు.

"ఎట్లా పోతాను?" అన్నాను.

"అదింకా తేలలేదు. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేసరికే పోయి ఉంటావు. విడాకులంటే జనం మొగుణ్ణి తిడతారట. పెళ్ళాం చచ్చినవాడైతే జాలిపడతారట. ఇప్పుడు నాతో రాసే పిల్లకాయలు లెక్కలు తీసి మరీ చెప్పారు."

నువ్వంటే మిట్జీ. 'డన్నిగన్ ఇల్లు' అనే కామెడీ సీరియల్‌లో డన్నిగన్ పెళ్ళాం. ఆ సీరియల్ రాసినవాడు నా మొగుడు. మా బర్బాంక్ ఇంట్లో మిట్జీని 'నువ్వు' అనడం ఎప్పుడో అలవాటైపోయింది. ఎప్పుడో ఆగిపోయిన ఆ సీరియల్‌ని ఇప్పుడు మళ్ళీ తీస్తున్నారు. ముసలి డన్నిగన్ ఉంటాడు, వాడి కుక్క ఉంటుంది, పక్కింటివాడు ఉంటాడు. మిట్జీ ఒక్కతే ఉండదు.

మిట్జీ ఎవరో అందరికీ తెలుసు. బుర్ర తక్కువ, నోరెక్కువ. ఆదివారం పూట మాంసాన్ని బొగ్గు చేస్తుంది. మా ఇంట్లో మాంసం మాడ్చింది వెండెల్, బేస్‌బాల్ చూస్తూ. మా అమ్మాయి గ్వెన్‌ని నాలుగేళ్ళప్పుడు చెప్పుల దుకాణంలో మరిచిపోయి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చింది కూడా అతనే. "చెప్పులు కొనుక్కురమ్మంటే పిల్లని అమ్మి వచ్చావా?" అని అరుస్తూ నేను కారెక్కి పరిగెత్తాను. ఆ వారం సీరియల్‌లో పిల్లని మరిచిపోయింది మిట్జీ. "చెప్పులు కొనుక్కురమ్మంటే పిల్లని అమ్మి వచ్చావా?" అన్నది డన్నిగన్. జనం పడీపడీ నవ్వారు. అతని వెధవ పనులన్నీ నా నెత్తిన, నా మాటలన్నీ అతని నోట. అట్లా పంచాడు నా మొగుడు.

ఆ నవ్విన జనంలో నేనూ ఉన్నాను. శుక్రవారం జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి చేసే షూటింగుకి రచయితల పెళ్ళాలు మూడో వరుసలో కూర్చోవాలి. అది ఆనవాయితీ. మైకులు సరిగ్గా మా నెత్తి మీద వేలాడేవి. ఊళ్ళు చూడ్డానికొచ్చిన జనానికి ఎక్కడ నవ్వాలో తెలియదు కాబట్టి మేం ముందు అందుకోవాలి. మేం అందుకుంటే మా వెనకే వాళ్ళూ నవ్వేవారు. జీతం లేదు, శాండ్‌విచ్ ఇచ్చేవారు. పొద్దున్న పిల్లకి జ్వరమైనా, అత్తగారితో మాటలు లేకపోయినా, లిప్‌స్టిక్ వేసుకుని వెళ్ళి నవ్వి రావడమే. నా గొంతు బాగా పలుకుతుందని సౌండువాళ్ళు మెచ్చుకునేవారు. నా నవ్వుని టేపు మీద పట్టి ఒక పెట్టెలో దాచుకున్నారు కూడా. ఎవరూ నవ్వని చోట్ల ఆ పెట్టె మీట నొక్కి నా నవ్వు అతికించేవాళ్ళు. నేనెన్నడూ చూడని సీరియళ్ళలో, ఎవరెవరి మొగుళ్ళో ఎవరెవరి పెళ్ళాలనో వెక్కిరిస్తుంటే వెనకనుంచి నేను నవ్వుతూ ఉండేదాన్ని.

పిల్లని అమ్మిన మాట విన్న రోజు, ఇంటికొస్తూ కారులో అడిగాను. వెనక సీట్లో మా అత్తగారు ఉంది.

"అది నేనన్న మాట, వెండెల్."

"ఏది?"

"చెప్పుల మాట."

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వన్నది మాటేమిటే? సణుగుడు. వంటింట్లో ఉంటే సణుగుడే. నేను రాస్తే జోకు."

వెనకనుంచి అత్తగారు అందుకుంది. "వాడి బుర్రతో నీ కడుపు నిండుతోందమ్మాయ్. మొగుడి పని మెచ్చుకోవడం చేతకాకపోతే కిటికీలోంచి చూస్తూ కూర్చో."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మరో విషయం తెలియడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టింది. గురువారాలు మా ఇంట్లో తప్పకుండా గొడవ జరిగేది. శుక్రవారం షూటింగు కాబట్టి గురువారం అతనికి మనసు బాగుండదనుకునేదాన్ని. పిల్లతో కూడా అట్లాగే చెప్పేదాన్ని, నాన్నకి పని ఒత్తిడమ్మా అని. అతను కొళాయి బాగుచేయడు, అడిగితే ఎగిరిపడతాడు. "ఆ కొళాయి నీకన్నా నయం, రాత్రీపగలూ పనిచేస్తోంది," అంటాను. వాళ్ళమ్మని వారం రోజులకని తెస్తాడు. "వారమని చెప్పింది గానీ ఏ వారమో చెప్పలేదు," అంటాను. అప్పుడు అతని మొహంలో కోపం టక్కున ఆరిపోయేది. సిగరెట్టు పెట్టె తిప్పి దాని వెనక ఏదో గీకి, ఈల వేసుకుంటూ బయటికి పోయేవాడు. నేనేమో అతన్ని నొప్పించానని కుమిలి కుమిలి ఏడ్చి, పొద్దున్నే అతనికిష్టమని దాల్చినచెక్క రొట్టె చేసేదాన్ని. గొడవ కూడా అతని పనిలో భాగమని, నన్ను పిండుకోవడానికే గురువారాలు పెట్టుకున్నాడని అనుమానమైనా రాలేదు.

రొమ్ములో గడ్డ తీసి పరీక్షకి పంపింది ఒక బుధవారం. మర్నాడు కుట్లతో మంచం మీద ఉన్నాను. వెండెల్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంత దిగులెందుకే? రెండున్నాయిగా."

ఒళ్ళు మండిపోయింది. "నీకు తల ఒకటే ఉంది, అదీ వాడటం లేదు. తీయించేద్దామా?" అన్నాను.

అతని చెయ్యి జేబులోని సిగరెట్టు పెట్టె మీదికి పోయింది. అప్పుడు చూశాను. అంతా అప్పుడే అర్థమైంది.

శుక్రవారం మూడో వరుసలోకి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "మిట్జీ, నీకు తల ఒకటే ఉంది, అదీ వాడటం లేదు. తీయించేద్దామా?" అన్నాడు డన్నిగన్. ఎవరూ నవ్వలేదు. అందరూ మా వరుసకేసి చూశారు. నేను నవ్వాను. కుట్లు లాగి, జాకెట్టు నెత్తురుతో తడిసేదాకా నవ్వాను. ఆ నవ్వు చాలా బాగా వచ్చిందట. దాన్నీ పెట్టెలో పెట్టుకున్నారు.

తరవాత రోజులు మారాయి. నేను చిన్నప్పుడు చూసిన టీవీలో భార్యలు ముత్యాల దండ వేసుకుని వడ్డించేవాళ్ళు. మిట్జీ కాలానికి ఎదురు మాట్లాడి చీవాట్లు తిన్నారు. ఆ తరవాత బానపొట్ట మొగుళ్ళకి పుల్లల్లాంటి భార్యలొచ్చారు, నడుం మీద చేతులు పెట్టుకుని నిట్టూర్చడం వాళ్ళ పని. ఆ తరవాత పెళ్ళిళ్ళే లేవు, కాఫీ హోటళ్ళలో కూర్చుని కబుర్లు చెప్పుకునే స్నేహితులు. ఆ తరవాత నవ్వులే తీసేశారు. జనం కూర్చునే వరుసలూ లేవు, పెట్టే లేదు. ఎవడో ఏదో అంటాడు, ఇంకొకడు కెమెరాకేసి గుడ్లప్పగించి చూస్తాడు, నవ్వాలో ఏడవాలో ఇంట్లో మనమే తేల్చుకోవాలి. అది వెండెల్‌కి చేతకాలేదు. ఇంట్లో కూర్చున్నాడు. గురువారాలు కూడా మామూలు రోజులైపోయాయి. గొడవ లేదంటే అవసరం లేదన్నమాట. నాతో మాట్లాడటమే మానేశాడు.

ఇప్పుడు మళ్ళీ పిలుపొచ్చింది. రచయితలు కూర్చుని రాసే గదికి పెద్ద ఇప్పుడు జోసెలిన్ అని ఒక అమ్మాయి, మా గ్వెన్ కన్నా చిన్నది. ఆమె ఫోన్ చేసినప్పుడు అతను స్పీకర్ పెట్టి వింటాడు, చెవి సరిగా వినపడదు కాబట్టి.

"వెండెల్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు పంపినవి చదివాం. పాత డన్నిగన్ మాట కోసేది. ఇవి కోయడం లేదండీ."

"పెళ్ళాన్ని చంపేస్తే వాడు ఎవర్ని కోస్తాడమ్మా?"

"చచ్చిపోయినదాని గురించే ఒక మాట అనాలి. అదే మొదటి సీను. ఆ ఒక్క మాట సోమవారానికి తెండి. లేకపోతే, చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది, తెర మీద మీ పేరుంటుంది, గదిలో కుర్చీ ఉండదు."

"తెస్తాను. అవన్నీ నా బుర్రలోవే కదా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. అతను ఫోన్ తీసి వెన్న గిన్నె పక్కన పెట్టాడు. తెర మీద మాటలు రికార్డు చేసే ఎర్ర చుక్క వెలుగుతోంది. సిగరెట్లు మానేశాడు మరి, రాసుకోడానికి పెట్టె లేదు.

"సూపు కుడితిలా ఉంది," అన్నాడు.

"అవును," అన్నాను.

ఫోన్‌కేసి చూశాడు. నాకేసి చూశాడు. "గ్వెన్ మన గడప తొక్కకపోవడానికి కారణం నువ్వే. నీ మొహం చూడలేకే."

"కావచ్చు."

"మీ చెల్లెలి చావుకి కూడా నువ్వు ఏడవలేదు. రాయివి."

"అవును, వెండెల్. బఠాణీలు వేయనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. మనిషిని నాకు తెలుసు, ఇక ఎక్కడికి వెళతాడో కూడా తెలుసు. అక్కడికే వెళ్ళాడు.

"ఆ గడ్డతో అప్పుడే పోయుంటే సుఖంగా ఉండేవాణ్ణి. ఇంకోదాన్ని చేసుకునేవాణ్ణి."

ఆ మాట కోసేదే. నొప్పి పుట్టింది. చెంచా కింద పెట్టి, మూతి తుడుచుకున్నాను.

"సరే," అన్నాను.

"సరే ఏమిటి? సరే ఏమిటే? తిట్టు! నోట్లో నాలుక లేదా? జీవితమంతా నన్ను కోసుకు తిన్నావు కదే, ఇవాళేమైంది?" బల్ల మీద గుద్దాడు. సూపు తొణికింది. తుడిచాను. నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఇంత గట్టిగా పట్టుకున్నది లేదు. "ఒక్కటి, ఆర్డిస్. నీకిదో లెక్కా? నువ్వు ఊరికే అనేస్తావు. ఆ పిల్ల నన్ను గెంటేస్తుంది. నాకు ఇంకేమీ లేదు. పెళ్ళాం పోయిందనుకో. నేను గుమ్మంలో నిలబడ్డాననుకో. ఏమంటాను? చెప్పు, ఏమంటాను?"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అతనికి. ఫోన్ మీద చుక్క వెలుగుతూనే ఉంది.

అప్పుడు తట్టింది. వెతక్కుండానే వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే. నా జన్మలో అంతటి మాట తట్టలేదు. కోసే మాట. నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. దాన్ని వింటే ఆ జోసెలిన్ కుర్చీలోంచి కింద పడేది. ఈ దేశమంతా పడేది. వెండెల్ నా పెదవులకేసే చూస్తున్నాడు, చెంచా కోసం నోరు తెరిచిన పసివాడిలా.

మంచినీళ్ళు తాగి దాన్ని మింగేశాను.

"తెలియదు, వెండెల్," అన్నాను. "నువ్వు కదా రాసేవాడివి."

లేచి స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. నవ్వాను. ముందు ఎవరూ అందుకోకుండా, పైన మైకు లేకుండా, ఊపిరాడనంత నవ్వాను. తలుపవతల అతను "ఏమిటే? ఏమిటది?" అని కొడుతూనే ఉన్నాడు.

ఏమిటది అని మీరూ అడుగుతారు. చెప్పను.