ఆమె పేరు మీద రాసిన మాట

గిన్నెలు తోముతుండగా వచ్చిన లాయరు నోటీసు మీద ఆమె పేరే ఉంది. చేతులు తుడుచుకుని చదివింది. ఫలానా డాక్టరమ్మది దొంగ డిగ్రీ అనీ, జబ్బు లేకపోయినా ఉందని చెప్పి డబ్బు గుంజుతుందనీ తాను ఆన్‌లైన్‌లో పోస్టు పెట్టిందట. బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే పరువు నష్టం దావా వేస్తారట.

ఆమె పేరు మీద ఆ అకౌంటు తెరిచిందీ, నడిపేదీ భర్తే. ఆమె అక్కకి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ఆమె తరఫున అతనే చెప్పేస్తాడు.

డాక్టరమ్మ ఆమెకు బాగానే గుర్తుంది. పోయిన నెల కళ్లు తిరిగి పడిపోతే చూసింది. ఒంట్లో రక్తం లేదని చెప్పి, భర్త వైపు తిరిగి, "మందులు నేనిస్తాను. ఇంటి పనిలో సగం మీరు అందుకోండి" అంది. ఇంటికొచ్చాక, ఫీజు తీసుకుని నీతులు కూడా చెబుతుందా అని తల్లి దగ్గర చిందులు తొక్కాడు. రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని తనను అడిగిన మొదటి మనిషి ఆ డాక్టరేనని ఆమె ఎవరితోనూ అనలేదు.

నోటీసు చూసి అతను తేలిగ్గా తీసిపారేశాడు. తన పేరు బయటపడితే రావలసిన ప్రమోషన్ కాస్తా పోతుందనీ, ఆమెకైతే పోయేదేముందనీ అన్నాడు. ఆడది తల వంచితే తలేమీ ఊడిపడదని అత్తగారు వంత పాడింది.

మర్నాడు తమ లాయరు దగ్గర కూర్చున్నారు. వైద్యం నచ్చలేదని రాస్తే అది అభిప్రాయం కిందకు వస్తుందనీ, దొంగ డిగ్రీ అంటే మాత్రం రుజువు చూపాలనీ ఆయన విడమరిచి చెప్పాడు. క్షమాపణ కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టెయ్, వెళ్దాం" అన్నాడు భర్త.

ఆ ఇంట్లో తాను ఒలకబోయని పాలకూ, తాను చెడగొట్టని సాయంత్రాలకూ ఆమె ఎన్నోసార్లు తప్పయిపోయిందని చెప్పింది. చెప్పిన మరుక్షణం అందరూ మరిచిపోయేవారు. ఈ కాగితాన్ని మాత్రం ఆ డాక్టరమ్మ చదువుతుంది. తన గురించి అలా రాసింది తాను వైద్యం చేసిన ఆ నీరసపు మనిషేనని నమ్ముతుంది.

ఆమె పెన్ను ముట్టుకోలేదు.

"ఆ పోస్టు రాసింది నేను కాదండీ, ఈయన."

భర్త బల్ల కింద ఆమె చేయి గట్టిగా నొక్కాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. కోర్టులోనూ ఇదే చెబుతారా అని లాయరు అడిగాడు.

"ఎక్కడ అడిగితే అక్కడ చెబుతాను. ఆవిడ దగ్గర నా వైద్యం ఇంకా సగంలోనే ఉంది."