పేరు ఇచ్చినవాళ్లు

బాలిని ట్రాక్టరు ముందు నుంచి ఈడ్చేసిన పొద్దున మేమంతా చేలోనే ఉన్నాం. పత్తి మోకాలెత్తు పెరిగి ఉంది. టేకులపల్లి అవతల, మా చింతగుట్ట తండా తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పోడు అది. అటవీశాఖ సిబ్బంది పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఇక్కడ మొక్కలు నాటాలి, పక్కకు జరగండన్నారు. ట్రాక్టరు పత్తి సాళ్ల మీదికి దిగింది. బాలి వెళ్లి దాని ముందు కూర్చుంది. ఇద్దరు ఆమె జుట్టు పట్టి లాగారు. చీర ఊడిపోయింది. లేవబోతే లాఠీ తల మీద పడింది. మేం పరుగెత్తుకెళ్లేసరికి ఆమెకు నోట మాట లేదు.

దవాఖానాలో ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు. అడవి హద్దు కందకంలో జారిపడి చనిపోయిందని అధికారులు చెప్పారు. పేపర్లు అదే రాశాయి. కానీ మాలో ఒకామె అంతా ఫోనులో తీసింది.

టేకులపల్లి బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్ దుకాణం నడిపే సుమేరా మా పోడు రైతుల సంఘం మనిషి. ఖమ్మంలో కంప్యూటరు చదువు చదివి వచ్చింది. తండ్రి మహబూబ్ అలీ పక్క గదిలో బట్టలు కుడతాడు. పోడు రైతుల కోసం సుమేరా అంతకుముందే ఒక వెబ్‌సైట్ కట్టింది. బాలి వీడియో అందులో పెట్టే ముందు, ఆమె భర్త ధన్‌సింగ్‌ను అడగడానికి తండాకు వచ్చింది.

"కాకా, చీర ఊడిన కాడ కనబడకుంట చేస్త" అంది.

"చెయ్యకు బిడ్డా. గుంజింది ఆళ్లు. సిగ్గు ఆళ్లకుండాలె" అన్నాడు ధన్‌సింగ్.

వీడియో జనంలోకి వెళ్లింది. ఖమ్మంలో విద్యార్థులు కలెక్టరేటు ముందు కూర్చున్నారు. బొగ్గుబావుల కార్మికులు నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు. కందకంలో పడిందన్న మాటను అందరూ నమ్మడం మానేశారు. అప్పుడు ఒక పొద్దున వెబ్‌సైట్ తెరుచుకోలేదు. ప్రభుత్వ ఆదేశాల మేరకు నిలిపివేయబడినది అన్న ఒక్క ముక్క మాత్రమే వచ్చింది. ఎవరి ఆదేశమో, ఏ తప్పుకో రాయలేదు.

సంఘం ఆఫీసులో మీటింగు పెట్టుకున్నాం. కార్యదర్శి జయప్రకాశ్ కోర్టుకు పోదామన్నాడు. కోర్టు తేల్చేలోపు పోడంతా మొక్కలు పెరిగి అడవైపోతుందని తండా ఆడవాళ్లు అన్నారు. సుమేరా లేచి విడమరిచి చెప్పింది. వాళ్లు మూసింది చిరునామాను మాత్రమే, లోపలి సరుకు మన దగ్గరే ఉంది, అదే సరుకును ఇంకో చిరునామాలో తెరవొచ్చు, అదీ మూస్తే మరోటి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో కూడా తెరుచుకునేలా వీడియోను చిన్నది చేస్తానంది. చదువు రానివాళ్ల కోసం మాటల్లో చెప్పించి పెడతానంది.

"గాని ప్రతి చిరునామా ఎవరో ఒకల పేరు మీదనే తీసుకోవాలె. ఆధార్ కాయితం ఇయ్యాలె. కేసు ఆ పేరు మీదనే పడ్తది. ఇది దాచిపెట్టి మిమ్మల్ని అడగను" అంది.

పేరు ఇస్తే పింఛను ఆపుతారని, పోడు పట్టా ఇక రాదని అందరికీ తెలుసు. ఆ భయం ఉత్తది కాదు. మొదటిది తన పేరు మీదే ఉందని, రెండోదీ తన పేరు మీదే పెట్టుకుంటానని సుమేరా అంది. భారమంతా ఒక్కరి మీదే ఎందుకు వేస్తామని జయప్రకాశ్ అడ్డుపడి తన పేరు ఇచ్చాడు. అదీ మూశారు. ఖమ్మం విద్యార్థులు ఇంకోటి తెరిచారు. అదీ మూశారు.

ఆ తర్వాత పోలీసులు సుమేరా కోసం వచ్చారు. బస్టాండు నిండా జనం ఉన్న వేళ కంప్యూటర్లు మోసుకెళ్లి జీపులో వేశారు. మహబూబ్ అలీ కుడుతున్న బట్ట వదిలేసి అడ్డం వస్తే తోసేశారు. అల్లర్లకు రెచ్చగొట్టిందని కేసు రాశారు. ఆమె జీపు ఎక్కుతూ తండ్రితో, "అబ్బా, టైముకు బీపీ గోలీలు ఏసుకో" అని మాత్రమే అంది. బెయిలు దొరకలేదు.

ములాఖత్‌కు ఖమ్మం జైలుకు మహబూబ్ అలీ, ధన్‌సింగ్, నేను వెళ్లాం. తండా ఆడవాళ్లు బస్సులో వచ్చి గేటు బయట కూర్చున్నారు. సుమేరా బాగా చిక్కిపోయింది. తండ్రి మధ్యనున్న ఇనుప జాలీకి చేయి ఆనించాడు. ఆమె మొదట అడిగింది వెబ్‌సైట్ గురించే.

"తెరుసుకుంటందా కాకా?"

"తెరుసుకుంటంది బిడ్డా. గీసారి ఖమ్మం పోరగాండ్లతోని నా పేరు మీద పెట్టిచ్చిన."

"నీకెందుకు కాకా? నువ్వు ఇప్పటికే మస్తు పోగొట్టుకుంటివి."

"అందుకే గదా. ఆమె ఎట్ల సచ్చిందో చెప్పెతందుకు నా పేరు లేకపోతె ఎట్ల?"

సుమేరా జాలీకి నుదురు ఆనించి ఏడ్చింది. అరెస్టు నాడు కూడా ఆమె కంట తడి చూడలేదు మేం.

బయటికి వచ్చేసరికి గేటు ముందు పోలీసు జీపు ఉంది. ధన్‌సింగ్ ఎవరని అడిగారు. అతను దాక్కోలేదు. తలపాగా సర్దుకుని తనే వెళ్లి ఎక్కాడు. ఆడవాళ్లు జీపును చుట్టేశారు. పోలీసులు వాళ్లను చేతులు పట్టి పక్కకు ఈడ్చారు. జీపు కదిలింది. దుమ్ములో కూలబడి కొందరు బాలి పేరు పిలుస్తూ ఏడ్చారు.

మహబూబ్ అలీ కండువాతో ముఖం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి ఆధార్ కార్డు తీసి చేతిలో పెట్టాడు.

"ధన్‌సింగ్‌ది ఇగ మూస్తరు. గిది జల్దీ ఖమ్మం పోరగాండ్లకు పంపు. పొద్దుగూకేవరకు మల్ల తెరుసుకోవాలె."

ఆయన వెనక తండా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, కార్డులు కట్టుకున్న కొంగు ముళ్లు విప్పుకుంటూ నిలబడ్డారు.