పగలు ఆగిన బ్లోయర్

ఎడారి దేశపు ఇండస్ట్రియల్ ఏరియాలోని వలస కార్మికుల క్యాంపులో మురుగు శుద్ధి ప్లాంటు కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోందని మళ్ళీ ఫిర్యాదు రావడంతో, మేనేజరు సుధాకరరావు ఇంజనీరు మాలతిని పిలిపించాడు. తప్పు ఆపరేటర్ బుచ్చన్నదైతే అతణ్ని పనిలోంచి తీసేసి స్వదేశానికి పంపేస్తానని ముందే చెప్పాడు.

ఐన్ ఖాలిద్‌లోని ఆఫీసు నుంచి ఎండలో వచ్చేసరికే మాలతి అలసిపోయింది. గాలి పంపి సూక్ష్మజీవులతో మురుగును జీర్ణం చేయించే ట్యాంకును ముందు చూసింది. బుడగలు సమంగానే లేస్తున్నాయి. అయినా మీటరు పెట్టి చూస్తే నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువే నిలుస్తుంది, నిజమే. కానీ ఎండ ఒక్కటే ఇంత చేటు చేయదు. ఆమె గాలిని పంపే బ్లోయర్ మీద చేయి పెట్టింది. పొద్దుటి నుంచి నడిచిన యంత్రమైతే చేయి కాలాలి. కాలలేదు.

"దీన్ని ఇప్పుడే వేశావు కదూ, బుచ్చన్నా?"

"మీ కారు జూసి వేసిన, మేడం."

"పగలంతా ఆపుతున్నావా?"

"ఎండలకు పనులన్ని రాత్రి డ్యూటీకి మారినయ్ గద. గీ గోడ అవుతలనే మావోళ్లు పండుకునేది. ఇది మొత్తుకుంటుంటే కన్ను మూతవడదు. నిద్ర లేక మొన్న పోశన్న బిల్డింగుకు కట్టిన స్కాఫోల్డింగ్ మీదికెల్లి జారిండు. నడుముకు సేఫ్టీ బెల్టు ఉండవట్టి బతికిండు."

గాలి ఆగితే ట్యాంకులోని సూక్ష్మజీవులు మిగిలిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి; ఆ తరువాత పెరిగే జీవులు వేరు. కంపు వాటిది.

"గంటసేపు ఆపితే ట్యాంకు ఓర్చుకుంటుంది. పగలంతా అయితే ఓర్చుకోదు."

"గంట నిద్రకు మనిషి ఓర్చుకుంటడా, మేడం?"

మాలతి ఫోన్ తీసి మేనేజరుకు కలిపింది.

"బ్లోయర్‌ను పడకగదుల గోడకు ఆనించి బిగించారు, సుధాకరరావు గారూ. అది అవతలి వైపుకు మారాలి."

"ఆపింది ఎవరో చెప్పండి."

"బుచ్చన్నే. నిద్ర లేక పోశన్న పైనుంచి జారాడు కాబట్టి. రెండూ రిపోర్టులో రాస్తాను."

"రిపోర్టులో పోశన్న సంగతి ఎందుకులెండి. బుచ్చన్నను ఉండనివ్వండి, గంట నడిపి గంట ఆపమనండి. ఎండలు తగ్గాక బ్లోయర్ మార్పిద్దాం."

వాదించే ఓపిక ఆమెకు లేకపోయింది. "సరే," అని, గంట నడిపి గంట ఆపమని బుచ్చన్నకు చెప్పింది.

బ్లోయర్ ఆగలేదు. గోడ అవతలి నుంచి ఎవరో అరిచారు: "ఓ బుచ్చన్నా! నీ బర్రెకు ఇంత గడ్డన్న వెయ్యరాదే, నోరు మూస్తది!"

"గంటాగు తమ్మీ," అన్నాడు బుచ్చన్న. ఆ మాట అటువైపు వినిపించలేదు. కాసేపటికి ఒకతను దుప్పటి భుజాన వేసుకుని బయటికి వచ్చి, నీడ ఎక్కడుందా అని అటూ ఇటూ చూశాడు.