ముక్కు మీది మచ్చ, మెడ మీది మచ్చ

ఈత టీచరమ్మ భర్త నోరు మూసుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక హారన్ పని నోటికి అప్పజెప్పాడని ఆవిడ అంటుంది. అలాంటాయన నెల రోజులుగా ముక్కు మీది నల్లమచ్చ ఊసెత్తితే చాలు, పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు. మచ్చ పెరుగుతోంది. డాక్టర్లు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుతారని ఎవరో చెవిన వేశారు. అప్పట్నుంచీ ఆసుపత్రి పేరు చెబితే ఆయనకి ముచ్చెమటలు.

"కొండ దారిలో బ్రేకులు పోయినా బెదరలేదంటారు. బియ్యపుగింజంత ముక్కకి ఇంత భయమా?" అంది టీచరమ్మ.

"ఆ బస్సు నాది కాదు. ముక్కు నాది."

చివరికి ఆయన మేనకోడలు చిట్టి రంగంలోకి దిగింది. చర్మవ్యాధుల ఆసుపత్రిలో స్కానింగు పని తనదే. "కత్తి లేదు, సూది లేదు మామయ్యా. వెలుగు చర్మంలోకి ఓ మిల్లీమీటరు దిగి వెనక్కొస్తుంది. దాన్నిబట్టి మెషీను లోపలి పొరల బొమ్మ గీస్తుంది. అంతే."

అంతేనని పదిసార్లు చెప్పించుకుని బయల్దేరాడు. టీచరమ్మ వినోదం చూడ్డానికి వెంట వెళ్లింది.

చిన్న గది. కర్టెన్లు వేసి ఉన్నాయి. చిట్టి ఆయన్ని పడుకోబెట్టి, ముక్కు మీద చల్లటి జెల్ చుక్క వేసి, గడ్డం గీసుకునే మెషీనులాంటి దాన్ని ఆనించింది. "రెండు నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు. పెదవి కదిలితే ముక్కు కదులుతుంది, బొమ్మ చెదిరిపోతుంది."

"పది నిమిషాలు చెయ్యకూడదటే?" అంది టీచరమ్మ ఆశగా.

ఆయన గుడ్లురిమాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. దొరికిన అవకాశం వదులుకునే మనిషి కాదు. "చూడవే చిట్టీ, వంటింటి కుళాయి రిపేరు చేసేశానని మీ మామయ్య గొప్పలు పోయారు. ఒక చోట కారేది ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది. అవునా కాదా? మాట్లాడట్లేదంటే ఒప్పుకున్నట్టే."

"ఊఁ!" అన్నాడాయన.

"మామయ్యా! మళ్లీ మొదటికొచ్చింది."

మూడోసారికి బొమ్మ కుదిరింది. డాక్టరమ్మ వచ్చి తెర మీద బూడిదరంగు చారలు పరీక్షగా చూసింది. "పొరలన్నీ చక్కగా ఉన్నాయి. వయసుతో వచ్చే మచ్చ, అంతే. కొయ్యాల్సిన పని లేదు."

ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నేను ముందే చెప్పానా?"

ఆ మాటకి టీచరమ్మ పక్కకి తిరిగి నవ్వింది. డాక్టరమ్మ చూపు ఆవిడ మెడ దగ్గర ఆగింది. "ఇదేమిటి?"

"అదా? బ్యాగు పట్టీ ఒరుసుకుని ఎర్రబడిందండీ. ఏడాదిగా మానదు."

"ఏం చేస్తారు మీరు?"

"ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకి ఈత నేర్పుతున్నాను. నడి ఎండలోనే."

"ఒకసారి పడుకోండి."

జెల్ ఇంత చల్లగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. తెర అటువైపు ఉంది. చిట్టి ముఖం ఒక్కటే కనబడుతోంది. అంతసేపూ కబుర్లాడిన పిల్ల ఉన్నట్టుండి కనుబొమలు ముడిచి, డాక్టరమ్మని దగ్గరికి రమ్మని సైగ చేసింది.

డాక్టరమ్మ దాచలేదు. "చర్మ క్యాన్సరే. కానీ నెమ్మదైన రకం, పై పొర దాటి లోతుకి పోలేదు. తెర మీద కనబడే చెడ్డ కణాల గుంపులు పైపైనే ఆగిపోయాయి. పూతమందు సరిపోతుంది. ఆరు వారాలు రాయండి. మందు పనిచేసే కొద్దీ ఎర్రగా పొక్కుతుంది, కంగారుపడకండి."

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మందుల చీటీ వెనక రాసుకుంటున్నాడు. ఎన్నిసార్లు రాయాలి, తడి తగలొచ్చా, ఎండ ఎంతసేపు... అడిగిందే అడుగుతున్నాడు. ఆవిడకి ఈసారి ఆయన్ని ఏడిపించాలనిపించలేదు.

ఆ ఆరు వారాలూ మందు ఆయనే రాశాడు. మెడ పుండులా పొక్కినప్పుడు ఆవిడ అద్దం ముందు నిలబడి బెంగపెట్టుకుంటే, "పనిచేస్తోందన్నమాట!" అని పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు. ఈత క్లాసులు ఉదయానికి మార్పించాడు. అక్కడితో ఆగకుండా పెద్ద గొడుగేసుకుని కొలను గట్టు మీద నిలబడేవాడు. పిల్లలు ఈత మాని ఆయన బస్సు కథలు వింటుంటే ఆవిడ ఈల ఊది ఊది అలిసిపోయేది.

"నాకు నీడ పట్టడానికొచ్చారా, నా క్లాసు చెడగొట్టడానికొచ్చారా?"

"రెండూనూ."

మూడు నెలల తర్వాత మళ్లీ స్కానింగు. ఈసారి చిట్టి తెరని అత్తయ్య వైపు తిప్పింది. మందంగా ఓ గీత, కింద తేటగా ఇంకొకటి, గుంపులు లేవు.

"ఏదీ లేదత్తయ్యా."

ఆవిడ కళ్లు తుడుచుకోబోయింది.

"కదలకు, బొమ్మ పాడవుతుంది!" అని కేకేశాడు భర్త.

"అయిపోయింది మామయ్యా, ఏడవనివ్వు," అంది చిట్టి.