ఎదుటి కుర్చీ వైపు బొమ్మలు

నేను ఒక బొమ్మల అట్టల కట్టను. పెళ్లి ఆల్బమ్ అనుకునేరు, కాదు! పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకూ, ఇక చాలనుకునేవాళ్లకూ ఎన్ని దారులున్నాయో చూపించి, నచ్చింది వాళ్లనే ఎంచుకోనివ్వడం నా ఉద్యోగం. ఆసుపత్రి బల్ల మీద గుడారంలా నిలబడతాను. నర్సు వైపు అక్షరాలు, ఎదుటి కుర్చీ వైపు బొమ్మలు.

హైదరాబాదులో పుట్టాను. నా బొమ్మల్లో అమ్మాయికి ఏ రంగు చీర కట్టాలో తేల్చడానికి పెద్దసార్లు ఎన్ని మీటింగులు పెట్టారో! ఎవరికీ కోపం రాకుండా చివరికి ఆకుపచ్చ చీర కట్టారు. పాపం, గర్భం రాకుండా చేతికి సూది గుచ్చుతున్నా ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుంది.

సిరిసిల్ల దగ్గర ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి చేరాక, మొదటి సిస్టరమ్మ కరెంటు పోయినప్పుడల్లా నన్ను విసనకర్రగా వాడుకుంది. తర్వాత వచ్చిన స్వరూప సిస్టర్ దుమ్ము తుడిచి బల్లెక్కించింది. కానీ కండోమ్ అట్టను మాత్రం ఆమె కూడా దగ్గుతూ గబుక్కున తిప్పేసేది. మగవాళ్ల ఆపరేషన్ అట్ట మీదైతే ఇవాళ్టికీ ఒక్క వేలిముద్ర లేదు. ఇప్పుడు నా పనంతా ఫోనులోకి వచ్చేసిందట, నేను బీరువా మీద పడుకుని ఉన్నాను. అయినా ఒక రోజు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నన్ను తయారుచేసినవాళ్లకు తట్టనిది ఒకటుంది. మా దగ్గర కోడలు అత్తతో వస్తుంది. కుర్చీ ఒక్కటే. అత్త నిలబడి కోడలు కూర్చుంటే నలుగురూ ఊరుకుంటారా? అందుకని అత్త కూర్చుంటుంది, కోడలు వెనక గోడకు ఆనుకుంటుంది. ఇంకేముంది, నా బొమ్మలన్నీ పిల్లలు పుట్టే వయసు ఎప్పుడో దాటినవాళ్లకే కనిపించేవి. స్వరూప కూడా అలవాటుగా కుర్చీతోనే మాట్లాడేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు లచ్చవ్వ తన కోడలు అఖిలను తీసుకొచ్చింది. అఖిలకు ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, చంటిది చంకలో ఉంది. లచ్చవ్వ కూర్చుంటూనే కోడలికి ఆపరేషన్ రాయమంది, వాళ్లింట్లో అందరికీ అదేనంది. అఖిల ఏదో అనబోయి తల దించుకుంది. ఆ ఆపరేషన్ అయ్యాక మనసు మార్చుకుందామంటే కుదరదు కదా.

స్వరూప పద్ధతి ప్రకారం నన్ను తిప్పడం మొదలుపెట్టింది. కిటికీలోంచి బయటికి చూస్తున్న లచ్చవ్వ చూపు కాపర్-టీ అట్ట దగ్గర ఆగింది. అదేమిటని అడిగింది. గర్భసంచిలో పెడతారనీ, ఏళ్ల తరబడి పనిచేస్తుందనీ, వద్దనుకున్నప్పుడు తీయించుకుంటే మళ్లీ పిల్లలు పుట్టొచ్చనీ స్వరూప చెప్పింది. లచ్చవ్వ అట్టలు వెనక్కి తిప్పించింది. సూది, మాత్రలు, అన్నీ మళ్లీ చూసింది.

"నన్ను గీ పిల్ల వయసులనే ఆపరేషన్‌కు తోలిండ్రు సిస్టరమ్మా. రెండేండ్లకు నా పెద్దోడు పోయిండు. ఇన్ని తీర్లున్నయని నాకు ఒక్కలు సుత చెప్పలే."

అని లేచింది. చంటిదాన్ని తన చేతుల్లోకి తీసుకుని, "కూసో బిడ్డా. నువ్వే సూడు" అంది.

అఖిల కుర్చీ అంచున కూర్చుంది. స్వరూప మొదటి అట్ట నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ప్రతిదానిలో మంచీ, ఇబ్బందీ రెండూ చెప్పింది. కండోమ్ దగ్గర ఈసారి దగ్గలేదు. చివరికి, నీకేం కావాలమ్మా అని అడిగింది. ఆ ప్రశ్న కొత్తదేమో, అఖిల జవాబు కోసం వెనక్కి తిరిగి అత్త వైపు చూసింది. లచ్చవ్వ చంటిదాన్ని ఆడిస్తూ కావాలనే అటు తిరిగి నిలబడింది.

అఖిల కాపర్-టీ బొమ్మ మీద వేలు పెట్టింది. వేలు తీయకుండానే అంది.

"గిది పెట్టుండ్రి సిస్టరమ్మా. ఆపరేషన్ కావాలనిపించిన్నాడు నేనే వచ్చి అడుగుత."