డెల్రాయ్‌ని ఇచ్చేయాలా, ఉంచుకోవాలా

ఆదివారం ఉదయం ఏడున్నరకు మా తమ్ముడు మహేశ్ మా ఇంట్లో అడుగుపెట్టేసరికి మా ఆయన అప్పటికే టీవీ ముందు కోపంగా ఉన్నారు. అమెరికాలో శనివారం రాత్రి ఆడే బాస్కెట్‌బాల్ మాకు హైదరాబాద్ నల్లగండ్లలో ఆదివారం ఉప్మా వేళకు వస్తుంది. జట్ల పేర్లు రాస్తే చదివేవాళ్ళలో కూడా తగాదా మొదలవుతుంది కాబట్టి బట్టల రంగును బట్టి నీలం జట్టు, పసుపు జట్టు అంటాను. మావాళ్ళిద్దరిదీ నీలం జట్టే.

ఒకే జట్టును అభిమానించే ఇద్దరు మగవాళ్ళు కొట్టుకోవడానికి కారణం ఏముంటుందని మొదట్లో అనుకునేదాన్ని. ట్రేడ్ అనేది ఒకటుందని తెలిశాక నా అమాయకత్వం పోయింది. ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకిచ్చి, బదులుగా వాళ్ళ ఆటగాణ్ణి తెచ్చుకుంటుంది. మధ్యలో ఆ ఆటగాణ్ణి అడిగే ఆచారం పెద్దగా లేదు. నీలం జట్టులో డెల్రాయ్ అని ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పదకొండేళ్ళుగా అక్కడే ఆడుతున్నాడు. ఎడమ మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. అతన్ని పసుపు జట్టుకిచ్చేసి వాళ్ళ కోబిన్ అనే ఇరవై రెండేళ్ళవాణ్ణి తెచ్చుకోవాలా, వద్దా? ఆ రెండు జట్లకూ ఇలాంటి ఆలోచన ఉందని ఎవరూ చెప్పలేదు. అది మా హాల్లో పుట్టింది, మూడు వారాలుగా మా హాల్లోనే పెరుగుతోంది. మహేశ్ ఇచ్చేయాలంటాడు. మా ఆయన కూడదంటారు.

ఆ ఆదివారం మాత్రం ఆ వాదన వినడం నాకు కష్టంగా ఉంది.

కారణం శుక్రవారం సాయంత్రం జరిగింది. నేను డైనింగ్ టేబుల్ తుడుస్తుంటే దాని మీద మా ఆయన లాప్‌టాప్ తెరిచి ఉంది. ఒకరి లాప్‌టాప్‌లోకి తొంగిచూసే మనిషిని కాను. కాని కళ్ళు మూసుకుని టేబుల్ తుడవలేం కదా. అందులో ఒక పట్టిక ఉంది. ఎడమవైపు హైదరాబాద్, కుడివైపు పుణె. హైదరాబాద్ కింద మహేశ్ పేరు, పుణె కింద రసజ్ఞ అనే పేరు, మధ్యలో రెండువైపులా మొనలున్న బాణం. అడుగున ‘సోమవారం పైకి పంపాలి, పదిహేను రోజుల్లో మార్పు’ అని ఉంది.

మా ఆయన అవినాష్ రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆయన కింద పదకొండు మంది పనిచేస్తారు. వాళ్ళలో మహేశ్ ఒకడు. వాళ్ళిద్దరూ బావా బామ్మర్దులని ఆఫీసులో ఎవరికీ తెలియదు. మూడేళ్ళ క్రితం చేరేటప్పుడు ఫారంలో ‘ఈ కంపెనీలో మీ బంధువులున్నారా’ అన్న ప్రశ్నకు ‘లేరు’ అని రాయమన్నది మా ఆయనే. అందుకని మా తమ్ముడు ఆఫీసులో ఆయన్ని అవినాష్ అని పిలుస్తాడు, గచ్చిబౌలి దాటి ఇటొచ్చాక బావా అంటాడు.

మహేశ్ భార్య వర్షితకు ఏడో నెల. రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరు వారం వారం రమ్మంటోంది. వర్షిత వాళ్ళమ్మకు పక్షవాతం, మా అమ్మ లేదు. ఆ ఇంట్లో ఆమె పక్కన ఉండే మనిషి మా తమ్ముడొక్కడే. వాణ్ణి పదిహేను రోజుల్లో పుణెకు పంపించే పట్టిక మా టేబుల్ మీద, నా తడిగుడ్డకు జానెడు దూరంలో ఉంది.

మా ఆయన నాతో చెబుతారని శుక్రవారం చూశాను. శనివారం చూశాను. ఆదివారం తమ్ముడితోనైనా చెబుతారేమోనని ఉప్మాలోకి జీడిపప్పు కూడా వేయించాను.

"చూడు బావా, ఉర్కుతుండా, నడుస్తుండా వాడు?" మహేశ్ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. "ముసలోడయిండు. ఇచ్చెయ్యాలె."

"ముందు కూర్చోవయ్యా. పదకొండేళ్ళు చాకిరీ చేసిన మనిషిని ఇచ్చెయ్యడానికి అతనేమన్నా పాత పేపరా?"

"పాత పేపర్లకైతే కిలోకింతని వస్తయ్."

"నీలాంటివాడి చేతిలో జట్టు పెడితే నెలకే మూత పడుతుంది."

"నీ చేతిల పెడితే వృద్ధాశ్రమం అయితది."

మా అత్తగారు బాలాత్రిపురసుందరి సోఫా మూల కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. ఆవిడకు ఆట తెలియదు, తగవు తెలుసు. "ఆ అబ్బాయికి పెళ్ళయిందా?" అని అడిగారు.

"ఇద్దరు పిల్లలమ్మా," అన్నారు మా ఆయన.

"మరి ఊరు మారితే వాళ్ళ చదువులో?"

"అత్తమ్మా, గది మనకెందుకు?" అన్నాడు మహేశ్. "పైసలు తీస్కుంటలేడా? ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడాలె. పెండ్లాం, పిల్లలు అనుకుంట కూసుంటే కప్పు ఎవరు తెస్తరు?"

నా చేతిలో గరిటె ఆగింది. వాడు ఆగలేదు.

"సెంటిమెంటు పెట్టుకునేటోడు మేనేజరే కాదు బావా. దిల్ గట్టిగుండాలె. అయ్యో పాపం అనుకుంటే టీమ్ మొత్తం మునుగుతది."

మా ఆయన వాడి వైపు తిరిగారు. "అలా అంటావా?" చాలా మెత్తగా అడిగారు.

"గంతే అంట."

"రేపు ఆ డెల్రాయ్ ఎదురుగా వచ్చి నిలబడి, నాకెందుకిలా చేశారంటే?"

"ఏమంటడు? ప్రొఫెషనల్ వాడు. సమజ్ చేస్కుంటడు."

మా ఆయన ఉప్మా మారు వడ్డించుకున్నారు. తీర్పు ముద్దాయే రాసిస్తుంటే ఏ జడ్జికైనా ఆకలి వేస్తుంది.

"అతని మోకాలు బాగానే ఉంది," అన్నాను నేను. "బంతి సమయానికి అందించేవాడు లేడు, అంతే." నేను డిగ్రీలో రెండేళ్ళు కాలేజీ జట్టుకు ఆడాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడూ ఎవరూ వినలేదు.

"నువ్వెన్ని చెప్పు, నేనివ్వను," అన్నారు మా ఆయన. కడుపు నిండాక ఆయనలో దయ పెరిగింది. "ఇందులో అన్నిటికన్నా నీచం ఏంటో తెలుసా? అతనికి ఎవరూ చెప్పరు. పేరు కాగితం మీదకెక్కిపోయి ఉంటుంది. అతను మాత్రం మామూలుగా తింటూ, నవ్వుతూ తిరుగుతుంటాడు. చివరికి బయటివాళ్ళు చెబితే తెలుస్తుంది. ఛీ. అలాంటి పని నేను చచ్చినా చెయ్యను."

నేను పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టాను. "అయితే మహేశ్‌కి ఎప్పుడు చెబుతారండీ?"

టీవీలో జనం అరుస్తున్నారు.

"ఏం చెప్పాలె అక్కా?" అన్నాడు మహేశ్.

"పుణె సంగతిరా. మీ బావ లాప్‌టాప్‌ల నీ పేరు చూసిన. ఆడికి నువ్వు పోతవంట, ఈడికి రసజ్ఞ అనే పిల్ల వస్తదంట. రేపు పైకి పంపుతరు."

"నా లాప్‌టాప్ చూశావా?" అన్నారు మా ఆయన.

"టేబుల్ తుడిచానండీ."

తర్వాత పది నిమిషాలు పుణె మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా టీవీ వైపే చూస్తూ డెల్రాయ్ గురించే మాట్లాడారు. పక్షాలు మాత్రం మారిపోయాయి.

"గాయన మోకాలుకేమయింది?" అన్నాడు మహేశ్. "మొన్న ఇరవై ఎనిమిది పాయింట్లు కొట్టిండు."

"మొన్న ఒక్కరోజు కొట్టాడు. నెలంతా చూడు. ఏడు, తొమ్మిది, పన్నెండు. కొత్త పద్ధతి నేర్చుకోమని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నారు, నేర్చుకున్నాడా?"

"నేర్పిస్తే కద! ట్రైనింగుల పేరు పెట్టమని రెండు సార్లు అడిగిండు. పెట్టిన్రా?"

"కోబిన్‌కి ఎవడు నేర్పాడు? సొంతంగా నేర్చుకున్నాడు. శనివారాలు కూడా లాగిన్ అవుతాడు."

"డెల్రాయ్ దసరాకు ఇంటికి పోకుండ పని చేసిండు!"

"అమెరికాలో దసరా కూడా చేస్తున్నారా?" అన్నారు మా అత్తగారు.

మహేశ్ లేచి టీవీ కట్టేశాడు. మా ఇంట్లో ఆట మధ్యలో టీవీ కట్టేసే ధైర్యం అంతవరకు కరెంటుకే ఉండేది.

"నా పేరు నువ్వే రాసినవా?"

"పైనుంచి ఒక పేరు అడిగారు."

"పదకొండు మందిల నేనే దొరికిన్నా?"

మా ఆయన ప్లేటు పక్కకు జరిపారు. "నిన్ను వదిలేసి ఇంకొకడి పేరు రాశాననుకో. రేపెప్పుడో మన చుట్టరికం బయటపడితే? బామ్మర్దిని కాపాడుకున్నాడంటారు. నా పేరు పోతుంది."

"అంటే నాకు పని రాదని కాదు. నీ బామ్మర్దినని."

"అలా అనలేదు."

"గిదే అన్నవు. జర మల్ల చెప్పు, వింట."

"నీకు నెలలో ఎన్ని తప్పులు సర్దానో తెలుసా? ఇంకొకడైతే ఎప్పుడో పంపించేసేవాడు."

"ఏడో నెల బావా ఆమెకు. బీపీ ఉంది. అర్ధరాత్రి నొప్పులొస్తే దవాఖానకు ఎవరు తీస్కపోతరు? ఈ ముచ్చట నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. ఆఫీసులో ఎలా చెప్పను? వాళ్ళావిడ సంగతి నీకెలా తెలుసంటే ఏం చెప్పను?"

ఇక్కడ మా అత్తగారు గోంగూర పక్కన పెట్టారు. "చూడు నాయనా, మా అబ్బాయి ఉద్యోగం ఇప్పించకపోతే నువ్వెక్కడుండేవాడివి? ఆ మాత్రం విశ్వాసం ఉండక్కర్లేదూ?"

"ఇప్పిచ్చిండు అత్తమ్మా. ఇప్పుడు తీస్కుంటుండు."

"ఇందాక నువ్వేగా అన్నావు," మా ఆయన కూడా లేచి నిలబడ్డారు, "ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడాలని? పెళ్ళాం పిల్లలు మనకెందుకని?"

"అన్న. డెల్రాయ్ సొంత విమానంల తిరుగుతడు, గందుకే చెప్పిన. నేను బైక్ టాక్సీ మీద వస్త బావా ఆఫీసుకు. వెనకాల కూసోని."

"అది నా తప్పా?"

"మా అక్కను పెండ్లికి అడిగేటందుకు మా ఇంటికొచ్చినప్పుడు యాడికి పోయింది నీ రూలు? అప్పుడు చుట్టరికం కావాల్నా, ఇప్పుడు వద్దా?"

"నోరు జాగ్రత్త మహేశ్."

"ఈడ మహేశ్ అంటవు, ఆడ ఎవరో తెల్వనట్టు పోతవు. నీ నోరే జాగ్రత్త చేస్కో."

ఇద్దరి మధ్యా దూరం జానెడుంది. ఉప్మా చల్లారిపోయింది. అప్పుడు నాకొక సందేహం వచ్చింది.

"తెలియక అడుగుతానండీ," అన్నాను మా ఆయనతో. "మీరిద్దరూ బంధువులని ఆఫీసువాళ్ళకు ముందే తెలిసిపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? ఇద్దర్నీ ఒకేచోట ఉంచరు. వీడి గురించి ఏ నిర్ణయమూ నా చేతిలో ఉంచరు. ఈ పట్టిక చెల్లదు. అయినా నీకెందుకు ఇవన్నీ?"

"ఓహో," అని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. తెలియక అడిగానన్నది అబద్ధం. మూడేళ్ళ క్రితం వాళ్ళిద్దరూ ఆ రూలు ఇదే బల్ల దగ్గర పైకి చదువుకుంటే, నేను పక్కనే చిక్కుడుకాయలు తుంచుతూ విన్నాను.

కాఫీ కలిపి తెచ్చేసరికి మహేశ్ ఫోన్ పట్టుకుని రెండు బొటనవేళ్ళతో టైపు చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నారు మా ఆయన.

"హెచ్చార్‌కు మెయిల్ రాస్తున్న. ఫారంల లేరని రాసింది నా తప్పు. రాయమన్నది అవినాష్. ఆయన మా అక్క మొగుడు. గంతే."

"బుద్ధుందా? అబద్ధం రాసినందుకు నీ ఉద్యోగం కూడా పోతుంది."

"పోతే వర్షిత దగ్గర్నే ఉంట గద. ఎట్లయినా పుణె తప్పుతది."

"నన్ను ముంచుతావన్నమాట."

"ముందు నువ్వు ముంచినవ్ బావా. నేను ఈత కొట్టుకుంటున్న."

మా ఆయన ఫోన్ కోసం చెయ్యి చాచారు. మహేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. చిన్నప్పుడు నా గాజులు పగలగొట్టి ముక్కలు గుప్పిట్లో దాచుకుని నిలబడ్డప్పుడు కూడా వాడి ముఖం ఇలాగే ఉంది.

"అక్కా," అన్నాడు. "పంపాల్నా?"

వాడు నన్ను చూస్తున్నాడు. మా ఆయన నన్ను చూస్తున్నారు. మా అత్తగారు కూడా చూస్తున్నారు. మూడు వారాల్లో ఆ హాల్లో నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి.

"మీ బావ పేరు స్పెల్లింగ్ సరిగ్గ చూస్కోరా," అన్నాను. "పెద్దోళ్ళ దగ్గరికి పోతది."

వాడు చూసుకున్నాడు. పంపాడు. కాఫీ తాగకుండానే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ కాఫీ సింకులో పారబోసి, గ్లాసు కడక్కుండా అక్కడే పెట్టారు. ఆయనకు నా మీద కోపమని నాకు తెలియడానికి అంతమాత్రం చాలు.

సోమవారం నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నా, ఉప్పు కావాలని వాళ్ళమ్మకు చెబితే ఆవిడ నాకు చెప్పేవారు. నేను ఉప్పు ఆవిడకిస్తే ఆవిడ ఆయనకిచ్చేవారు. మహేశ్ ఫోన్ చెయ్యలేదు. వర్షిత మాత్రం చేసి, "వదినా, ఈయన రెండు రోజుల సంది అన్నం తింటలేడు, ఆఫీసుల ఏమన్న అయిందా?" అంది. నాకు తెలియదన్నాను. ఆ వారంలో అది నా రెండో అబద్ధం. మొదటిది చెప్పినందుకు నాకు బాధ లేదు. దీనికి మాత్రం ఉంది. ఆ ఉద్యోగం నిజంగానే పోతే, ఆమెకు ముఖం చూపించాల్సింది నేనే.

గురువారం సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో కూర్చున్నారు. వాళ్ళమ్మ వైపు తిరిగి చెప్పారు.

"మహేశ్‌కి హెచ్చరిక ఉత్తరం ఇచ్చి వదిలేశారు. ఇక్కడే ఉంటాడు, వేరే మేనేజరు కింద. పెద్దవాణ్ణి, తెలిసుండి చేశానని పుణెకు నన్ను పంపుతున్నారు. ఏడాది."

"అయ్యో రామ!" అన్నారు మా అత్తగారు. "నీ బదులు అక్కణ్ణుంచి ఎవరొస్తున్నార్రా?"

"ఎవరూ రావట్లేదమ్మా."

"ఎవర్నీ తీసుకోకుండా నిన్ను ఊరికే ఇచ్చేశారా?"

మా ఆయన నాలుగు రోజుల్లో మొదటిసారి నా వైపు చూశారు. "నీ తమ్ముడు గెలిచాడు. సంతోషమేనా?"

"ప్రసవానికి వర్షిత పక్కన మనిషి ఉన్నాడు. అంతవరకు సంతోషమేనండీ."

"నా పక్కన?"

శుక్రవారమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇలా ఇరుక్కున్నాను, ఏం చెయ్యమంటావని అడిగుంటే ఇద్దరం కలిసి ఏదో ఒకటి ఆలోచించేవాళ్ళం. ఆ మాటే చెప్పాను. ఆయన మొత్తం విన్నారు.

"అమ్మా," అన్నారు చివరికి, "నా పెట్టె తీసివ్వమని చెప్పు."

"పెట్టె కావాలటమ్మా," అన్నారు మా అత్తగారు.

"అటక మీద ఉందని చెప్పండత్తయ్యా," అని, మహేశ్‌కి ఫోన్ చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళాను.